పాస్టరుగారి ఇంట్లో జపాను బొమ్మల సినిమాలు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే మన సంఘంలో పెద్దావిడ ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట అడుగుతాను. పిల్లి కడుపులో సీట్లుండే బస్సు గురించి మీ పాప సండే స్కూల్లో చెప్పిందంట. మా మనవడు రెండ్రోజుల నుంచి నన్ను అదే అడిగి చంపుతున్నాడు. జపానోళ్ళ దయ్యాల సినిమా అంట గదా. మీరే దగ్గరుండి చూపించారంట. నిజమేనా?"

నిజమే. దగ్గరుండే చూపించాను. అప్పటికి బయట ఆటో ఎదురుచూస్తోంది, ఆమెకు నిలబడితే మోకాళ్ళ నొప్పి. సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు చెప్పాలనుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఆమె ఫోనులో ఈ పేజీ చదివి వినిపించేది ఆ మనవడే కాబట్టి వాడూ వింటాడు.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. మూడేళ్ళ క్రితం ఇదే ప్రసంగ వేదిక మీద నేను బొమ్మల సినిమాలన్నిటినీ ఒకే గాటన కట్టి తిట్టాను. పిల్లల చేతికి ఫోను ఇవ్వడం పాము పిల్లను ఇవ్వడమేనన్నాను. మీరు గట్టిగా ఆమెన్ అన్నారు. నాకూ సంతోషమేసింది. అప్పటికి నేను తిట్టిన వాటిలో ఒక్కటి కూడా చూడలేదు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా ఇంట్లో అమ్మగారికి ఆరోగ్యం పాడైన సంగతి మీకు తెలుసు. అప్పుడు మీకు జ్వరమని చెప్పాను, ప్రార్థన చేయమన్నాను. అది జ్వరం ఒక్కటే కాదు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. క్షయ అన్నారు. 26 రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ మాట మీ దగ్గర ఎందుకు దాచానో మీలో పెద్దవాళ్ళకు వివరించక్కరలేదు. మన ఊళ్ళలో ఆ జబ్బు పేరు చెబితే మంచినీళ్ళ గ్లాసు దూరం జరుగుతుంది. ఇప్పుడు ఆరు నెలల మందులూ పూర్తయ్యాయి, తగ్గిపోయింది. ఆమె రాయమంటేనే రాస్తున్నాను.

మీ దగ్గరే దాచినవాడిని పిల్లల దగ్గర చెబుతానా? పాపకు అప్పుడు తొమ్మిదేళ్ళు, బాబుకు ఆరు. "అమ్మకు ఏమీ కాదు, దేవుడున్నాడు, ప్రార్థన చేసుకుని పడుకోండి" అని రోజూ రాత్రి అదే పాట. పాప ఒక్క ప్రశ్న కూడా అడిగేది కాదు. తమ్ముడికి జడుపు రాకుండా తనే అన్నం కలిపి పెట్టేది, స్కూలు బ్యాగు సర్దేది. చూసినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతురాలో అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ రోజుల్లోనే హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు నాలుగు రోజులు మాకు తోడుండడానికి వచ్చాడు. పిల్లల దిగులు చూడలేక ఒక శనివారం రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి సినిమా పెట్టాడు. పేరు 'నా పొరుగింటి టొటొరో'. 1988లో వచ్చింది. తీసినాయన హయావొ మియాజాకీ, కంపెనీ స్టూడియో జిబ్లీ. జపాను అనగానే నాకు మండింది గానీ, అతిథిని ఏమంటాం? రేపటి ప్రసంగం సిద్ధం చేసుకుంటున్నట్టు కాగితాలు పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. మాటలు జపాను భాషలో, కింద ఇంగ్లీషు అక్షరాలు. బాబుకు చదవడం రాదు. పాపకు అంత వేగంగా అందదు. మేనల్లుడికేమో పావుగంటకే ఆఫీసు ఫోను వచ్చి బయటికి వెళ్ళాడు. "డాడీ, ఏమంటున్నారో చెప్పు" అన్నారు పిల్లలు. అలా నేను మంచం దిగి చాప మీద వాళ్ళ మధ్య కూర్చోవాల్సి వచ్చింది.

ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది సత్సుకి, చిన్నది మే. 1950ల నాటి పల్లెటూరు. అమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. ఆమెకు దగ్గరగా ఉండాలని నాన్న పిల్లలను తీసుకుని పొలాల మధ్య పాత ఇంటికి మారతాడు. ఆ సంగతి తెలియగానే నాకు సినిమా ఆపేయాలనిపించింది. చెయ్యి ముందుకు చాచాను కూడా. ఈలోగా బాబు "డాడీ, వరి! నాట్లు వేస్తున్నారు!" అని అరిచాడు. వాడి జన్మలో జపాను దేశం ఒకటుందని విన్నది ఆ రాత్రే. అక్కడ కూడా మోకాలి లోతు నీళ్ళలో వంగి నాట్లు వేస్తారని, గట్టు మీద నడుస్తారని చూసేసరికి వాడికి అది మన కాలువకట్ట అవతలి ఊరైపోయింది. ఇక ఆపలేదు.

కథంతా చెప్పను, మీరు చూడాలి. ఒక్క చోటు మాత్రం చెబుతాను. అమ్మ శనివారం ఇంటికి వస్తుందని పిల్లలు ఆశగా ఉంటారు. ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది, తర్వాత అమ్మ రావడం లేదని తెలుస్తుంది. అప్పటిదాకా పెద్ద ఆరిందాలా వంట చేసి, చెల్లిని మోసి, నవ్వుతూ ఉన్న సత్సుకి చెల్లి మీద అరుస్తుంది. తర్వాత పక్కింటి అవ్వ ముందు కూలబడి ఏడుస్తుంది. అమ్మ చనిపోతే ఏం చేయాలని అడుగుతుంది. ఆ మాటలు నేను తెలుగులో చెప్పాలి. నోరు రాలేదు. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. పాప తెర వైపు చూస్తూనే అంది: "డాడీ, అమ్మ చచ్చిపోతుందేమోనని ఏడుస్తోంది కదా." తర్వాత కాసేపటికి, "మన అమ్మ కూడానా?"

ప్రియులారా, ఇరవై ఏళ్ళుగా చావు ఇళ్ళలో మాట్లాడుతున్నవాడిని. ఎక్కడ ఏ వాక్యం చదవాలో నాకు కంఠతా వచ్చు. ఆ పిల్లకు ఏం చెప్పాలో తెలియలేదు. అన్ని రోజులూ దాని ప్రశ్నకు నేను ముందే తలుపు వేసేశానని మాత్రం అర్థమైంది. "అమ్మకు ఏమీ కాదు" అనేది ప్రార్థన కాదు, వాగ్దానం. ఆ వాగ్దానం చేసే అధికారం నాకెవరిచ్చారు? యోబు స్నేహితుల గురించి మీకు చాలాసార్లు చెప్పాను. ఏడు రోజులు ఆయన పక్కన మౌనంగా నేల మీద కూర్చున్నంతసేపు వాళ్ళు మంచివాళ్ళే. నోరు తెరిచాకే చెడిపోయారు. నేనైతే మొదటి రోజు నుంచే నోరు తెరిచాను.

సినిమా ఆపాం. జబ్బు పేరు చెప్పాను. మందులున్నాయని, ఆరు నెలలు మింగాలని, డాక్టర్లు తగ్గుతుందంటున్నారని చెప్పాను. నాకూ భయంగా ఉందని కూడా చెప్పాను. అది చెప్పాక పాప ఏడ్చింది. 18 రోజుల తర్వాత మొదటిసారి. బాబు మాత్రం "మిగతాది పెట్టు" అన్నాడు.

ఇంత కథ తీసిన మనిషి దీన్ని ఎక్కడి నుంచి తెచ్చాడని తర్వాత మేనల్లుడిని అడిగి తెలుసుకున్నాను. మియాజాకీ చిన్నతనంలో ఆయన తల్లికి వెన్నెముక క్షయ. ఏళ్ళ తరబడి మంచం మీదే ఉందట. సినిమాలో జబ్బు పేరు ఎక్కడా చెప్పరు. ఆ పేరు మా చాప మీద కూర్చుని ఉందని ఆయనకేం తెలుసు!

ఇక దయ్యాల సంగతి. పెద్దావిడ అడిగింది న్యాయమైన ప్రశ్న, తోసెయ్యను. టొటొరో అడవిలో పెద్ద కర్పూర చెట్టు దగ్గర ఉండే జీవి, బొద్దుగా, మీసాలతో, నిద్రపోతూ. ఆ చెట్టుకు తాడు చుట్టి ఉంటుంది. నాన్న, పిల్లలు దాని ముందు నిలబడి వంగి నమస్కరిస్తారు. వాన వచ్చినప్పుడు దారి పక్క చిన్న గుడిలో తలదాచుకుంటారు. ఇవన్నీ ఉన్నాయి. లేవని చెబితే అబద్ధం. మా బాబే అడిగాడు, "వాళ్ళు చెట్టుకు దండం పెడుతున్నారేంటి డాడీ?" అని. "వాళ్ళ ఊళ్ళో అలా చేస్తారు నాన్నా. మనం చెట్టును చేసిన దేవునికి చెబుతాం" అన్నాను. "ఊఁ" అని మళ్ళీ సినిమాలో పడ్డాడు. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు కదా. రోజూ స్కూలుకు వెళ్ళే దారిలో పసుపు రాసి బొట్లు పెట్టిన వేపచెట్టు ఉంది. దాని పక్కనే ఆడుకుంటారు, ఆ ఇంటివాళ్ళు పెట్టిన జామకాయలు తింటారు. పొరుగువారిని ఎగతాళి చేయకుండా, మన విశ్వాసం మర్చిపోకుండా బతకడం వాళ్ళు మనకంటే బాగా నేర్చుకుంటున్నారు. పక్కన పెద్దవాళ్ళు ఉంటే ఆ ప్రశ్న నోటి నుంచి బయటికి వస్తుంది. దుప్పటి కింద ఒక్కడే ఫోనులో చూస్తే ఆ ప్రశ్న వాడి కడుపులోనే ఉండిపోతుంది. నాకు దిగులు ఆ రెండో దాని గురించే.

ఇంకో మాట. మనలో చాలామందికి సూపర్‌బుక్ తెలుసు, సండే స్కూల్లో చూపిస్తాం. బైబిలు కథలు బొమ్మల్లో. దాని మొట్టమొదటి సిరీస్ 1981లో వచ్చింది. అమెరికా క్రైస్తవ టీవీవాళ్ళు చేయించారు, గీసింది జపానులోని తత్సునోకో అనే కంపెనీ. మా సండే స్కూలు టీచరమ్మ ఈ విషయం విని "అవునా అయ్యగారూ!" అని నోరు మీద చెయ్యి వేసుకుంది. జపానులో క్రైస్తవులు నూటికి ఒకరో ఏమో. దావీదును, నోవహును మన పిల్లల కోసం ఎంత జాగ్రత్తగా గీసి పెట్టారు!

అయితే నేను చెప్పింది విని జపాను బొమ్మలన్నీ మంచివేనని ఇంటికెళ్ళి పెట్టేయకండి. అప్పుడు తిట్టడంలో చేసిన తప్పే ఇప్పుడు మెచ్చుకోవడంలో చేసినట్టవుతుంది. బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అనుకోవడం మన దేశంలో పెద్ద పొరపాటు. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు మాటలతోనే థియేటర్లకు వచ్చింది. మన కాలేజీ కుర్రాళ్ళు బళ్ళేసుకుని వెళ్ళి చూసొచ్చారు. కత్తులు, తెగిపడే తలలు, రక్తం. అందులోనూ అన్నాచెల్లెళ్ళ ప్రేమ ఉందని కుర్రాళ్ళు నాతో వాదించారు, ఉండొచ్చు. ఆరేళ్ళ తమ్ముడిని వెంట తీసుకెళ్ళిన అన్నను మాత్రం నేను మందలించాను.

జిబ్లీ వాళ్ళవే అయినా అన్నీ చిన్నపిల్లలకు పనికిరావు. టొటొరో విడుదలైన రోజే, ఒకే టిక్కెట్టు మీద రెండో సినిమాగా 'మిణుగురుల సమాధి' వేశారు. ఇసావొ తకహతా తీసింది. 1945లో కోబె నగరం మీద బాంబులు పడ్డాక తల్లిని పోగొట్టుకున్న అన్న, చిన్న చెల్లెలు ఆకలితో ఏమైపోయారన్నది కథ. మూలకథ రాసిన అకియుకి నొసాకా చెల్లెలు యుద్ధకాలంలో తిండి లేక చనిపోయింది. అది నేను ఒక్కడినే, పిల్లలు నిద్రపోయాక చూశాను. అందులో ఒక బంధువులావిడ ఉంది. పిల్లలను మొదట ఇంట్లోకి రానిస్తుంది. తర్వాత అన్నం వడ్డించేటప్పుడు గరిటె తేడా చూపిస్తుంది. కొట్టదు, గెంటదు, మాటలతో మెల్లగా పిల్లలే వెళ్ళిపోయేలా చేస్తుంది. ఆమెను చూసి నాకు కోపం రాలేదు, భయమేసింది. అలాంటి గరిటెలు మన ఇళ్ళలో లేవా? తల్లి లేని పిల్లలను పెంచుతున్నవాళ్ళు మన సంఘంలో ముగ్గురున్నారు. వాళ్ళకు సాయంగా మిగతావాళ్ళం ఏం పంపాం? ఈ సినిమాను పిల్లలకు చూపించకండి. పెద్దలు చూడండి.

'స్పిరిటెడ్ అవే' అని 2001లో వచ్చిన మియాజాకీ సినిమా కూడా ఉంది, దానికి ఆస్కారు వచ్చింది. అందులో పదేళ్ళ పిల్ల తల్లిదండ్రులు ఎవరూ లేని వింత ఊళ్ళో దుకాణాల ముందు పెట్టిన తిండిని అడగకుండా తినేస్తారు. డబ్బుందిలే, తర్వాత ఇద్దామంటాడు నాన్న. కూతురు వద్దు వద్దని పిలుస్తుంటే తల ఎత్తరు. మళ్ళీ వచ్చి చూస్తే పందులు. బాబు జడుసుకుని నా లుంగీ పట్టుకున్నాడు. అక్కడితో ఆపేశాం. ఏడాది తర్వాత వాడే అడిగితే మళ్ళీ పెట్టాం. పిల్లవాడు భయపడితే ఆపండి, ధైర్యం నేర్పిస్తున్నామని కూర్చోబెట్టకండి. రెండోసారి చూస్తున్నప్పుడు వాడు అన్నాడు: "నువ్వు ఫోను చూసేటప్పుడు కూడా ఇంతే డాడీ, పిలిస్తే వినపడదు." పాప నవ్వింది. అమ్మగారు ఇంకా గట్టిగా నవ్వింది.

ఆ సినిమాలోనే, భరించలేని కంపుతో బురదముద్దలా ఒకటి స్నానాలకు వస్తుంది. అందరూ ముక్కు మూసుకుంటే ఈ పిల్లే దగ్గరికెళ్ళి దాని ఒంట్లో గుచ్చుకున్నదేదో పట్టి లాగుతుంది. సైకిలు బయటికి వస్తుంది, దాని వెనుక ఎన్ని చెత్తసామాన్లో. చివరికి తెలుస్తుంది, అది ఒక నది. మా బాబు వెంటనే, "మన కాలువ తూము దగ్గర కూడా లాగాలి" అన్నాడు. నదికి ఆత్మ ఉంటుందా, ఉండదా అన్న చర్చ మా ఇంట్లో రాలేదు. తూములో ఇరుక్కున్న మందు సీసాలు, ప్లాస్టిక్ సంచుల లెక్క వచ్చింది. మొన్న క్రిస్మసు ముందు యవ్వనస్థులు ఆ తూము శుభ్రం చేసింది ఎందుకో ఇప్పుడు మీకు తెలిసింది.

ఒక హెచ్చరిక, ఇది నాలాంటి బోధకులకు. సినిమా మధ్యలో ఆపి పాఠం చెప్పకండి. నేను చెప్పబోయాను. అక్కాచెల్లెళ్ళు రాత్రి వానలో నాన్న బస్సు కోసం నిలబడే చోటు ఒకటుంది టొటొరోలో. చాలాసేపు ఎవరూ మాట్లాడరు. గొడుగు మీద చినుకుల చప్పుడు మాత్రం. చెల్లి నిద్రకు తూలుతుంటే అక్క వీపున ఎక్కించుకుంటుంది. ఆ మౌనంలో నాకు నిరీక్షణ గురించి మంచి పాయింటు తట్టింది. నోరు తెరిచాను. "డాడీ, ప్రసంగం రేపు" అంది పాప. నిజమే కదా. మన మీటింగుల్లో మైకు ఒక్క నిమిషం ఆగితే కరెంటు పోయిందని అందరూ వెనక్కి తిరిగి చూస్తారు. చప్పుడు లేని చోటును పిల్లలు అలా చూస్తూ కూర్చోగలరని నాకు అప్పటిదాకా తెలియదు. నేను కూర్చోగలనని కూడా.

ఆ సినిమాలో చిన్నది, మే, పక్కింటి అవ్వ తోటలో కోసిన మొక్కజొన్న పొత్తును గుండెకు హత్తుకుని ఆసుపత్రికి ఒంటరిగా బయలుదేరి తప్పిపోతుంది. ఆ తోటలోని కాయలు తింటే అమ్మకు నయమవుతుందని అవ్వ అన్న మాటను నమ్మింది. ఊరంతా వెతుకుతుంది. చెరువులో ఎవరిదో చిన్న చెప్పు దొరుకుతుంది. ఆ చెప్పు దగ్గర మా ఇంట్లో ఊపిరి బిగబట్టని వాళ్ళు లేరు. చివరికి ఆ పొత్తు అమ్మ గది కిటికీ మీదికి చేరుతుంది, పైపొర మీద 'అమ్మకు' అని రాసి ఉంటుంది.

మరుసటి సోమవారం డాక్టరుగారిని అడిగాను. మందులు మొదలై రెండు వారాలు దాటింది, పిల్లలను తీసుకురావచ్చన్నారు. అంతకుముందు నేను అడగనే లేదు. బస్టాండులో బాబు కాల్చిన మొక్కజొన్న కొనమంటే, పాప పచ్చిదే కావాలని పట్టుబట్టింది. బాల్‌పెన్నుతో ఆకు మీద ఏదో రాసింది, నాకు చూపించలేదు. ఆ పొత్తు ఇప్పటికీ మా బియ్యం డబ్బా మీద ఉంది, ఎండి రాయిలా అయింది. అమ్మగారు పారేయనివ్వడం లేదు.

మా పెద్దావిడకు ఒక మాట: ఈ శనివారం చీకటి పడ్డాక మనవడిని తీసుకుని మా ఇంటికి రండి. మీకు కింద కూర్చోవడం కష్టం కాబట్టి కుర్చీ వేయిస్తాను. కరెంటు ఉంటే పిల్లి బస్సు మీరూ చూద్దురు. నచ్చకపోతే అక్కడే నన్ను తిట్టండి, పిల్లల ముందే.